కొత్త ఊసరవెల్లికి తొలి రోజులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అబ్బాయి పట్టుపట్టడంతో చెన్నైలోని ఒక పెంపకందారు వద్ద నాలుగు నెలల వయసున్న వెయిల్డ్ అనే విదేశీ జాతి ఊసరవెల్లిని కొని తెచ్చి పది రోజులైంది. ఇంట్లో ఉన్న గాజు చేపలతొట్టిలో, గిన్నెతో నీళ్లు పెట్టి ఉంచాము. గిన్నె వైపు కన్నెత్తి చూడడం లేదు. చేతిలోకి తీసుకుంటే నల్లబడి బుసకొడుతోంది. రంగు మారుతుందేమోనని మావాడు పక్కన ఎర్రగుడ్డ కూడా పరిచి చూశాడు. రోజుకు రెండు పురుగులకు మించి తినడం లేదు. పైగా ఎండలు ముదురుతున్నాయి. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ముందుగా దానిని చేతిలోకి తీసుకోవడం ఆపించండి. కుక్కపిల్ల మనిషి చేతికి అలవాటు పడినట్లు ఊసరవెల్లి అలవాటు పడదు. పైనుంచి దిగి వచ్చే చేయి దానికి గద్ద కాలుగానే తోస్తుంది. కనీసం రెండు వారాలపాటు మేత వేయడానికి, నీరు చిలకరించడానికి, శుభ్రం చేయడానికి తప్ప ఎవరూ దాని దగ్గరకు వెళ్లకూడదు. నల్లబడడం, బుసకొట్టడం, నోరు తెరిచి బెదిరించడం అన్నీ భయానికి గుర్తులే. రంగు విషయంలో మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి: ఊసరవెల్లి గుడ్డను చూసి ఆ రంగు తెచ్చుకోదు. దాని చర్మకణాలలో గ్వానిన్ అనే పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. వాటి మధ్య ఎడం పెరిగినా తగ్గినా వెలుతురు వేరే రంగులో పరావర్తనమవుతుందని జెనీవా శాస్త్రవేత్తలు 2015లో వివరించారు. ఆ మార్పు భయం, కోపం, జత కోరిక, ఒంటి వేడిని బట్టి వస్తుంది. పొద్దున్నే ముదురు రంగులో కనిపిస్తే వేడిని పీల్చుకుంటోందని, రోజంతా అలాగే ఉంటే ఇబ్బందిలో ఉందని తెలుసుకోండి.

గాజుతొట్టిని ఈరోజే మార్చండి. నాలుగు వైపులా గాజు ఉన్న తొట్టిలో గాలి నిలిచిపోతుంది, వేడి పేరుకుంటుంది, తన ప్రతిబింబమే దానికి శత్రువులా కనబడుతుంది. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు ఉండి, సన్నని వల బిగించిన పంజరాన్ని వడ్రంగి చేత చేయించుకోవచ్చు. దానిని నేలమీద కాక, లోపలి పైకొమ్మ మన కంటి ఎత్తుకన్నా పైన ఉండేలా బల్లమీద పెట్టండి. చెట్టుమీద బతికే ప్రాణికి పైన ఉన్నప్పుడే ధైర్యం. వేలి లావు కొమ్మలు అడ్డంగా, ఏటవాలుగా కట్టి, పురుగుమందు కొట్టని మందార మొక్కను కుండీతో సహా లోపల పెట్టండి. వెయిల్డ్ జాతి పురుగులతోపాటు ఆకులు, పూలు కూడా కొరుకుతుంది కనుక మందారం నీడకూ నోటికీ పనికొస్తుంది.

ఇక నీటి సంగతి. గిన్నెలో నిలిచిన నీరు దాని కంటికి నీరుగా ఆనదు. ఆకు అంచున వేలాడుతూ మెరిసే చుక్కనే అది గుర్తుపడుతుంది. ఉదయం, సాయంత్రం ఆకులు తడిసేలా స్ప్రే సీసాతో సన్నగా చిలకరించండి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ పైపును నీళ్ల సీసాకు తగిలించి, కొన్ని క్షణాలకొక చుక్క మందారాకు మీద పడేలా తిప్పితే ఇంకా మంచిది. కదలకుండా దూరంగా కూర్చొని చూడండి: మొదట ఒక కన్ను చుక్కవైపు తిరుగుతుంది, రెండో కన్ను మిమ్మల్నే కనిపెట్టుకొని ఉంటుంది, కొంతసేపటికి రెండూ చుక్కమీద నిలుస్తాయి, మెడ మెల్లగా సాగుతుంది, అప్పుడు తాగుతుంది. మధ్యాహ్నానికి పంజరం ఆరిపోవాలి. మీది సముద్రతీరం కనుక గాలిలో తేమ ఎటూ ఉంటుంది. నిత్యం తడిగా ఉంచితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. రెట్టలో తెల్లని భాగం నారింజ రంగుకు తిరిగినా, కళ్లు లోపలికి పోయినా నీరు చాలడం లేదని అర్థం.

మేతగా కీచురాళ్లు, పెంపకపు బొద్దింకలు వేయండి. పురుగు పొడవు దాని రెండు కళ్ల మధ్య వెడల్పును మించకూడదు. ఈ వయసులో రోజూ వేయాలి, పెద్దదయ్యాక రోజు విడిచి రోజు చాలు. వరిచేలలోనుంచి మిడతలు పట్టి తేవద్దు. మన జిల్లాలో వరికి ఎన్నిసార్లు మందు కొడతారో మీకు తెలిసిందే. ఆ మందు పురుగు ద్వారా నేరుగా దాని కడుపులోకి వెళుతుంది. వేసేముందు పురుగులకు విటమిన్ డి3 కలవని కాల్షియం పొడిని పలచగా అద్దండి. నెలకు రెండుసార్లు మాత్రం డి3 ఉన్న విటమిన్ పొడి అద్దండి. కాల్షియం ఎంత వేసినా యూవీబీ కాంతి (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలలో ఒక రకం) లేకపోతే ఒంటికి పట్టదు. ఆ కాంతి కిటికీ అద్దంలోనుంచి రాదు కనుక సరీసృపాలకు తయారుచేసే యూవీబీ ట్యూబు పెట్టి రోజుకు పన్నెండు గంటలు వెలిగించండి. వెలుగు కనబడుతున్నా కొన్ని నెలలకు యూవీబీ తగ్గిపోతుంది కనుక ఏడాదికొకసారైనా మార్చాలి. దీనిని నిర్లక్ష్యం చేసినందువల్ల ముంజేతులు విల్లులా వంగి, దవడ మెత్తబడి, నాలుక విసరలేని స్థితిలో నా దగ్గరకు తెచ్చిన పిల్లను చూసిన బాధ నాకింకా పోలేదు. వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

ఎండల విషయంలో విదేశీ సలహాలను ఉన్నదున్నట్లు పాటించవద్దు. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 29 నుంచి 32 డిగ్రీల వేడి ఉండేలా బల్బు పెట్టమంటారు. రోహిణి కార్తెలో మీ గదే 35 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఆ బల్బు ఆర్పేసి యూవీబీ ట్యూబు మాత్రమే ఉంచండి. పంజరాన్ని ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదికి మార్చండి, పంకా గాలి గానీ ఏసీ గాలి గానీ నేరుగా తగలనివ్వకండి. నోరు తెరిచి, లేతబడి, కిందికొమ్మకు దిగిపోయిందంటే వేడికి తాళలేకపోతోందన్నమాట. కొమ్మ దగ్గర ఒకటి, కింద ఒకటి థర్మామీటర్లు కట్టండి. చేతి అంచనా చాలదు. కార్తీకంలో వానలు పట్టి కరెంటు పోయిన రోజుల్లో మేత తగ్గించండి. వేడి లేనిదే దానికి అరగదు.

వెనుక పాదాల మడమ దగ్గర చిన్న ముల్లులాంటిది ఉంటే అది మగది. లేకుంటే ఆడది, అది జత కట్టకపోయినా గుడ్లు పెడుతుంది. ఆరు నెలల వయసు వచ్చేసరికే అడుగు లోతున తడి ఇసుక నింపిన డబ్బా పంజరంలో ఉండాలి. తవ్వుకునే చోటు లేక గుడ్లు కడుపులోనే నిలిచిపోతే ప్రాణానికే ముప్పు. పగలు కళ్లు మూసుకొని ఉంటే ఒక్కరోజు కూడా ఆగకుండా వైద్యునికి చూపించండి. సరీసృపాలను చూసే అనుభవం ప్రతి పశువైద్యునికీ ఉండదు కనుక ఎవరున్నారో ఇప్పుడే కనుక్కొని పెట్టుకోండి. పంజరం తాకిన ప్రతిసారీ పిల్లవాడి చేత సబ్బుతో చేతులు కడిగించండి; సాల్మొనెల్లా సూక్ష్మజీవి సోకవచ్చు.

ఈ జాతి, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది. అలాంటి ప్రాణులను పెంచేవారు కేంద్ర ప్రభుత్వపు 2024 నిబంధనల ప్రకారం తెచ్చుకున్న 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. మీకింకా ఇరవై రోజులున్నాయి. పెంపకందారు వద్ద కాగితాలు అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా నిమ్మతోటలో కంప కొడుతుంటే పచ్చని ఊసరవెల్లి దొరికింది. పిల్లలు పెంచుకుంటామంటున్నారు. తొండే ముదిరి ఇలా అవుతుందంటారు, నిజమేనా? - ఒక రైతు, పొదలకూరు

జవాబు: సామెత ఉన్నా అది నిజం కాదు. తొండ వేరు, ఊసరవెల్లి వేరు. తొండకు విడివిడి వేళ్లు, పరుగెత్తే కాళ్లు. ఊసరవెల్లి వేళ్లు రెండొకవైపు, మూడొకవైపు జతపడి పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి. మీకు దొరికింది మన దేశపు ఊసరవెల్లి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టుకోవడం, పెంచుకోవడం నేరం. తోటలో పురుగులు తిని మీకు మేలు చేసే ప్రాణి అది, దానికి విషం లేదు. గాయమైతే అటవీశాఖ వారికి కబురు చేయండి. గాయం లేకుంటే వెన్నుపట్టి ఎత్తకుండా, దాని ముందు ఒక కర్ర పెట్టి అదే ఎక్కేదాకా ఆగి, పొద్దు గూకకముందే దొరికిన చోటికి దగ్గరలో, కంప కొట్టని పొద మీదకు చేర్చండి.