హెచ్-4 మీద వచ్చి కోడింగ్ మొదలుపెట్టేవారికి

"హెచ్-4 మీద అమెరికా వచ్చాను. బీకాం చదివాను, కోడింగ్ ముక్క రాదు. ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా? ఏ కోర్సులో చేరాలి?" కొత్తగా వచ్చినవాళ్ళు తరచుగా అడిగే సందేహం ఇది.

వస్తుంది. బీకాం అడ్డు కాదు. మొదటి 3 నెలలు మాత్రం ఎవరికీ ఒక్క డాలరు కూడా కట్టకండి.

ముందు వీసా సంగతి. హెచ్-4 అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా. హెచ్-4 మీద చదువుకోవచ్చు, ఫుల్‌టైమ్ కాలేజీకైనా వెళ్ళొచ్చు, అందుకోసం ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారక్కర్లేదు. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ కార్డు, అంటే పని చేసుకునే అనుమతి పత్రం, చేతికి రావాలి. 2015లో వచ్చిన నియమం ప్రకారం, హెచ్-1బీలో ఉన్న మీ భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) ఆమోదమై ఉంటేనో, 6 ఏళ్ళ గడువు దాటాక గ్రీన్‌కార్డు ప్రాసెస్ మీద పొడిగింపు వచ్చి ఉంటేనో దానికి అప్లై చేసుకోవచ్చు. కార్డు రాకముందే "జీతం లేని ఇంటర్న్‌షిప్" అంటూ ఎవరైనా పిలిస్తే వెళ్ళకండి. కంపెనీ జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని ఊరికే చేసిపెట్టినా, అది అనుమతి లేని ఉద్యోగం కిందికి రావచ్చు.

ఇక నేర్చుకోవడం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకోండి, 3 నెలలు దాన్ని వదలకండి. చుట్టాల్లో ఒకరు జావా అంటారు, ఇంకొకరు డేటా సైన్స్ అంటారు. వినండి, మారకండి. హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 పైథాన్ కోర్సు ఉచితం, ఏమీ రానివాళ్ళ కోసమే చేసింది. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి స్క్రీన్ అడుగున 'పాత్'కి (ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే చోట్ల జాబితాకి) చేర్చమంటారా అనే గడి కనిపిస్తే టిక్ పెట్టండి. అది మరిచిపోతే, కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. చాలామంది మొదటి రోజే ఇక్కడ ఆగిపోతారు.

రోజుకి ఒక గంట చాలు. అందులో వీడియో 20 నిమిషాలు మించకూడదు, మిగతా 40 నిమిషాలూ మీ చేత్తో టైప్ చేయాలి. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే ఒక్క లైనూ రాదు.

రెండో వారం నుంచి మీ ఇంటి లెక్క ఒకటి ప్రోగ్రామ్‌గా రాయండి. ఇండియాకి డబ్బు పంపే లెక్క మంచి ఉదాహరణ. ఒక సర్వీసులో ఫీజు 4 డాలర్లు, రేటు 85 రూపాయలు అనుకుందాం. ఇంకోదాంట్లో ఫీజు లేదు, రేటు 84. 200 డాలర్లు పంపితే మొదటిదాంట్లో 16,660 రూపాయలు, రెండోదాంట్లో 16,800. అదే 1000 డాలర్లయితే మొదటిదే మేలు, 84,660 వస్తాయి, రెండోదాంట్లో 84,000. ఎంత పంపుతున్నారో అడిగి, ఏది లాభమో చెప్పే ప్రోగ్రామ్ 10, 15 లైన్లలో అయిపోతుంది.

ఈ చిన్న ప్రోగ్రామే మీకు బోలెడు నేర్పుతుంది. ఇన్‌పుట్ అనే ఆదేశంతో తీసుకున్న 200 పైథాన్ దృష్టిలో అంకె కాదు, మూడు అక్షరాల స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరుస. అందులోంచి 4 తీసేయమంటే టైప్ ఎర్రర్ వస్తుంది. 2తో గుణించమంటే 400 బదులు 200200 అని చూపిస్తుంది. దాన్ని ఫ్లోట్‌లోకి, అంటే దశాంశ సంఖ్యలోకి మార్చాలి. మార్చాక కూడా, మనకున్న అలవాటుకొద్దీ కామా పెట్టి 1,000 అని కొడితే వాల్యూ ఎర్రర్. ఎర్రర్ రాగానే కంగారుపడకుండా చివరి లైన్ ముందు చదవండి, తప్పేమిటో అక్కడే ఉంటుంది. దాని పైన లైన్ నంబరు ఉంటుంది. ఆ లైన్ సవ్యంగానే కనిపిస్తే దాని ముందు లైన్‌లో బ్రాకెట్ మూశారో లేదో చూడండి.

అన్నిటికన్నా ప్రమాదం ఎర్రర్ రాని తప్పు. 200లోంచి 4 తీసేసే భాగానికి బ్రాకెట్లు పెట్టకపోతే, పైథాన్ ముందు 4నీ 85నీ గుణించి, 200లోంచి తీసేసి, మైనస్ 140 రూపాయలు అని నిశ్శబ్దంగా చూపిస్తుంది. అందుకే ఒకటి రెండు జవాబులు క్యాలిక్యులేటర్‌తో ముందే కట్టి పెట్టుకోండి.

చాట్‌జీపీటీని కోడ్ రాసిపెట్టమని అడగకండి. 15 నిమిషాలు మీరే కుస్తీ పట్టి, అప్పటికీ తెగకపోతే ఆ ఎర్రర్‌కి అర్థమేమిటని అడగండి.

వాట్సాప్ గ్రూపుల్లో "ట్రైనింగ్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ" ప్రకటనలు వస్తూనే ఉంటాయి. రెజ్యూమెలో లేని అనుభవం పెడతామని వాళ్ళు అంటే అక్కడితో ఆపేయండి. ఆ అబద్ధం రేపు మీ ఇమిగ్రేషన్ కాగితాల్లోకి ఎక్కి బయటపడితే, జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు. డబ్బు పెట్టాలనుకుంటే 3 నెలల తర్వాత దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒక్క క్లాసు తీసుకోండి. హెచ్-4 వాళ్ళకి స్థానికుల ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, చేరకముందే అడ్మిషన్స్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.