నెలాఖరు వస్తే ఛాతీలో మంట, దడ.. ఇది గుండె జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 34. హనుమకొండలో ఉంటూ మందుల కంపెనీలో రెప్‌గా (మెడికల్ రిప్రజెంటేటివ్) పని చేస్తున్నాను. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, ములుగు అన్నీ బైక్ మీదే తిరుగుతాను. ఇన్సెంటివ్ బాగుంటుంది, నలుగురితో పరిచయాలు, ఆఫీసులో కట్టేసినట్టు ఉండదు. అందుకే మానేయాలని లేదు. కానీ ఏడాదిగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, నడుము నొప్పి. నెలాఖరులో నిద్ర పట్టదు, గుండె దడ. బ్యాగులోని సాంపిల్ మాత్రలతోనే నెట్టుకొస్తున్నాను. గుండె జబ్బేమోనని భయంగా ఉంది.
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు ఎక్కువగా ఎసిడిటీ, ఒత్తిడి వైపే చూపిస్తున్నాయి. అయినా ఊహతో తేల్చకూడదు. ఈ వారంలోనే ఈసీజీ, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. పరగడుపు షుగర్ 100 దాటినా, బీపీ 140/90 దాటినా వెంటనే డాక్టర్‌ను కలవండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ సాంపిల్స్ సంగతి. నడుముకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటారు. అది కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ మంటకు మళ్లీ గ్యాస్ మాత్ర. మంట తగ్గింది కదా అని మర్నాడు ఇంకో నొప్పి మాత్ర. ఇలా ఏడాది గడిస్తే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలూ దెబ్బతినొచ్చు. పైగా గ్యాస్ మాత్రల్లో కొన్నింటిలో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. అది కొందరిలో గుండె లయను తప్పిస్తుంది. మీకు దడ ఉంది కాబట్టి, ఈసీజీ చూపించేదాకా దాన్ని ముట్టుకోవద్దు. మందుల గురించి మీకు తెలియదని కాదు, ఎవరి వైద్యం వాళ్లు చేసుకోకూడదు.

ఓపీ అయ్యేదాకా రెప్‌లు బ్యాగు భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడటం రోజూ చూస్తుంటాను. వాళ్లు లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర అవుతుంది. అప్పటికి కడుపులో రెండు మూడు టీలు తప్ప ఏమీ ఉండవు. రెప్‌లకు ఒక టైం ఇచ్చి, ఆ టైంకే పిలవాలని తోటి డాక్టర్లను కోరుతున్నాను. మీ వంతుగా పొద్దున తినకుండా బండి తీయకండి. జొన్న రొట్టె, ఇడ్లీ, పెరుగన్నం, ఏదైనా సరే. బ్యాగులో అరటిపండ్లు, వేయించిన శనగలు పెట్టుకోండి. ఔట్‌స్టేషన్‌లో ఉన్నా రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించి, మూడు గంటలు ఆగి పడుకోండి. మీటింగుల్లో మద్యం, అర్ధరాత్రి బిర్యానీ కొన్నాళ్లు మానండి.

దారిలో మూత్రానికి చోటు దొరకదని నీళ్లు తగ్గించేవాళ్లు చాలామంది. ఇక్కడి ఎండలకు అది నేరుగా కిడ్నీలో రాళ్లకు దారి. మూత్రం పసుపు ముదిరితే నీళ్లు చాలడం లేదన్నట్టే.

నడుము కోసం ప్రతి ముప్పావు గంటకు బండి ఆపి కాసేపు నడవండి. బ్యాగు ఒక్క భుజానికే వేలాడదీయకండి. కాలు తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకండి.

ఇక నిద్ర. నెలాఖరున అమ్మకాల లెక్క ముగించే క్లోజింగ్ వారంలోనే దడ పెరుగుతోందంటే దానికి మూలం పని తీరులో కూడా ఉంది. చివరి రోజుల్లో స్టాకిస్ట్ (మందుల టోకు వ్యాపారి) మీద సరుకు రుద్ది టార్గెట్ ముగిస్తే, వచ్చే నెల అదే అమ్ముడుపోక వెనక్కొచ్చే రిటర్న్‌లుగా మీ నెత్తిన పడుతుంది. మొదటి పదిహేను రోజుల్లోనే సగం పైగా ఆర్డర్లు తెచ్చుకునేలా మీ మేనేజర్‌తో కూర్చుని టూర్ ప్రోగ్రామ్ మార్చుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత రిపోర్టులు, గ్రూపు మెసేజ్‌లు చూడకండి. అప్పటికీ నిద్ర రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. మానసిక వైద్యుడిని కలవడానికి వెనకాడకండి. ఈ ఉద్యోగంలో మీకు నచ్చినవి ఉన్నాయి, వాటిని వదులుకోమని నేను చెప్పను.

మలం నల్లగా వస్తే కడుపులో రక్తస్రావం కావొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే మాత్రం బైక్ ఎక్కకుండా 108కి ఫోన్ చేయండి.
– జనరల్ ఫిజీషియన్, వరంగల్