కావలిలో ఇంటి ముందు 4 అడుగుల వెడల్పున 4 మెట్లకు కాంక్రీటు ఎంత పడుతుంది?

మెట్టు ఎత్తు 6 అంగుళాలు, అడుగు పెట్టే చోటు 1 అడుగు అనుకుందాం. కింద నుంచి 4+3+2+1, మొత్తం 10 దిమ్మెలు; ఒక్కోటి 4×1×½ = 2 ఘనపుటడుగులు. అంటే 20, వృథాతో 22. కలిపాక సరుకు మూడో వంతు తగ్గుతుంది కాబట్టి పొడి సరుకు 34 కావాలి: 1:1½:3 పాళ్లలో సిమెంటు 5 బస్తాలు, ఇసుక 9–10, 20 ఎంఎం కంకర 18–19 ఘనపుటడుగులు.

లోపల గ్రావెల్ పోస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే తడిపి, పొరపొరకీ దిమ్మిస కొట్టాల్సిందే; లేకుంటే తొలి వానకే కుంగి మెట్లు పగులుతాయి. సముద్రపు ఇసుక మాత్రం ఎంత చవకైనా వద్దు, ఉప్పుకు ఊచలు తుప్పు పడతాయి. పైన చీమకుర్తి గ్రానైట్ పరిచేట్టయితే రాయి, మాలు మందం మొదటి మెట్టు ఎత్తులో ముందే తీసేయండి.