ఫ్యాక్టరీ అంతస్తులో స్టూడియో, అక్కడే మకాం: ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి న్యూయార్క్‌లో సిరామిక్స్ చేస్తోంది. ఇద్దరు ఆయిల్ పెయింటర్లతో కలిసి బ్రూక్లిన్‌లో పాత ఫ్యాక్టరీ అంతస్తు అద్దెకు తీసుకుని అక్కడే ఉంటానంటోంది. సంతకం పెట్టేముందు ఏం చూడాలండీ?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు కాగితాలు. నగర భవనాల శాఖ రికార్డుల్లో చిరునామా కొట్టి ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ’, అంటే భవనాన్ని దేనికి వాడొచ్చో చెప్పే పత్రం, చూడమనండి. అందులో ఫ్యాక్టరీ అనో గోదాము అనో ఉంటే, అక్కడ కాపురం ఉండటం మామూలుగా చట్టవిరుద్ధమే. తనిఖీలో ప్రమాదమని తేలితే ఉన్నపళంగా ఖాళీ చేయిస్తారు. పాత ఫ్యాక్టరీ, గోదాము అంతస్తుల్లోని కాపురాలను చట్టబద్ధం చేసే 1982 నాటి లాఫ్ట్ చట్టం కిందికి వచ్చిన చోటైతే సంగతి వేరు. అద్దెదారుకు రక్షణ ఉంటుంది, భవనాన్ని నివాసయోగ్యం చేయాల్సిన బాధ్యత ఓనరుది. ఆ అంతస్తు నమోదైందో లేదో ఆ చట్టాన్ని చూసే నగర సంస్థ లాఫ్ట్ బోర్డునే అడగాలి. ఓనరు నోటిమాట చాలదు.

తర్వాత దారులు. కిందికి దిగడానికి రెండు వేర్వేరు మెట్లుండాలి, సరుకుల లిఫ్టు లెక్కలోకి రాదు. 2016 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో కళాకారులు ఉంటున్న గోదాము తగలబడి 36 మంది చనిపోయారు. అక్కడ మంటలొస్తే పైనుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు, ఒక మెట్ల దారిలో కొంత భాగం చెక్క ప్యాలెట్లతో కట్టింది. స్ప్రింక్లర్లు, రెండో మెట్లు లేకపోతే అద్దె ఎంత తక్కువైనా వద్దనే నా సలహా.

పెయింటర్లు తుడిచిన గుడ్డల సంగతి చాలామందికి తెలియదు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డను ఉండచుట్టి పడేస్తే ఆ వేడి బయటికి పోక, నిప్పు తగలకుండానే గంటల్లో అంటుకుంటుంది. నీళ్లు పోసిన మూత ఇనుప డబ్బాలో వేయాలి.

ఇక మీ అమ్మాయి కరెంటు బట్టీ. ఫ్యాక్టరీ భవనాల్లో తరచూ వచ్చేది 208 వోల్టుల త్రీఫేజ్. 240 వోల్టులకు చేసిన బట్టీని దానికి తగిలిస్తే శక్తి దాదాపు 75 శాతమే అందుతుంది. 1220 డిగ్రీలకు చేరాల్సింది మధ్యలోనే ఆగిపోతుంది, మట్టిపాత్ర మీది గాజు పూత (గ్లేజు) కరగదు. అందుకే ముందు ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజీ కొలిపించి, తర్వాత 208 రకం ఆర్డరివ్వాలి. 48 ఆంపియర్ల బట్టీకి విడిగా 60 ఆంపియర్ల బ్రేకరు, దానికి తగ్గ మందం రాగి తీగ కావాలి. గోడకు 18 అంగుళాల ఎడం, పొగ బయటికి లాగే గొట్టం తప్పనిసరి. మట్టి కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కాబట్టి పడకగదికి, బట్టీకి మధ్య తెర కాదు, గోడే ఉండాలి.