అంకుడు చెట్టు వెంట సామర్లకోట దాకా

డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకుంటే లాటిన్ పేర్లు బట్టీ పట్టడం తప్ప మరేమీ ఉండదని ఇంట్లో అంటున్నారని, ఆ చదువుకు మిగతా విజ్ఞానంతోనూ చరిత్రతోనూ నిజంగా సంబంధం ఉందా అని మీరు అడిగారు. ఉంది. నాకు ఆ సంబంధం ఒక లాటిన్ పేరు పక్కన ఉన్న బ్రాకెట్టులో కనబడింది కాబట్టి, ఆ సంగతే కొంచెం వివరంగా చెబుతాను.

ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో హెర్బేరియం కోసం, అంటే ఎండబెట్టి కాగితాలకు అతికించి దాచే మొక్కల సేకరణ కోసం, రంపచోడవరం వైపు కొండల్లో మొక్కలు సేకరిస్తున్నాను. ఒక చిన్న చెట్టు కొమ్మ తుంచగానే పాలు కారాయి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, సన్నని పొడుగాటి కాయలు జతలుగా వేలాడుతున్నాయి. ఇవన్నీ కొడిసె లక్షణాలే కనుక నోటు పుస్తకంలో కొడిసె అనే రాసుకున్నాను. దగ్గరలో మేకలు కాస్తున్న తాత ఒకాయన నా చేతిలోని కొమ్మ చూసి, "అది కొడిసె కాదు బాబూ, అంకుడు. లేత కాయలు సూడు, కొసలు రెండూ అతుక్కుని ఉంటాయి. కొడిసెకి అలా ఉండవు" అన్నారు. చూస్తే నిజమే. రెండు కాయలూ పైన కాడ దగ్గర విడిపోయి, కింద కొసల దగ్గర మళ్ళీ కలుసుకుని ఉన్నాయి. కాలేజీకి వచ్చాక పువ్వును కోసి లెన్సు కింద పెట్టాను. అంకుడు పువ్వులో తెల్లని పీచుల కుచ్చు మధ్య నుంచి పుప్పొడి తిత్తులు మొనదేలి బయటికి పొడుచుకుని వస్తాయి. కొడిసె పువ్వులో ఆ కుచ్చు ఉండదు, పుప్పొడి తిత్తులు గొట్టం లోపలే దాగి ఉంటాయి. విరేచనాలు తగ్గడానికి ఆయుర్వేదంలో వాడే కుటజం కొడిసె చెట్టు బెరడే. అంగట్లో దానికి అంకుడు బెరడు కలిపి అమ్మడం చాలాకాలంగా ఉన్న కల్తీ కనుక, ఈ తేడా తెలియడం పరీక్ష మార్కుల కోసం మాత్రమే కాదు.

ఎండిన కొమ్మను షీటుకు అతికించి, దాని చీటీ మీద రైటియా టింక్టోరియా అని శాస్త్రీయ నామం రాసి, దాని కింద "తెలుగు పేరు: అంకుడు, తెడ్లపాల" అని రాశాను. పరిశీలించడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆ రెండో వరసను ఎర్ర సిరాతో కొట్టేసి, పల్లెటూరి పేర్లు శాస్త్రం కాదన్నారు. నాకు చాలా బాధ కలిగింది. నా తప్పును సరిదిద్దినది ఆ పేరు తెలిసిన మనిషే కదా అనిపించింది.

ఇక ఆ బ్రాకెట్టు విషయం. ఆ మొక్క పూర్తి పేరు చివర బ్రాకెట్టులో "రాక్స్‌బ్.", దాని తరువాత "ఆర్. బ్ర." అని ఉంటుంది. అంటే ఆ మొక్కకు మొదట పేరు పెట్టినవారు విలియం రాక్స్‌బర్గ్, తరువాత దానిని మరో ప్రజాతిలోకి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల మరో గుంపులోకి, మార్చినవారు రాబర్ట్ బ్రౌన్ అని అర్థం. రాక్స్‌బర్గ్ దీనిని గన్నేరు ప్రజాతిలో చేర్చి నీరియం టింక్టోరియం అన్నారు. టింక్టోరియం అంటే అద్దకానికి పనికొచ్చేది. ఏటికొప్పాకలో కొయ్య బొమ్మలు చేసే చెట్టుకు అద్దకంతో పనేమిటని వెతుక్కుంటూ వెళితే ఆ దారి సామర్లకోటకు చేరింది. కాకినాడలో పెరిగిన నాకు అది పక్క ఊరు.

రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ వైద్యుడు. 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో చేరి, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నారు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చిన చెక్క పెంచారు. వాతావరణ వివరాలు క్రమం తప్పకుండా నమోదు చేశారు. 1789 తరువాత వరసగా వానలు తప్పిన సంవత్సరాల గురించి ఆయన రాసిన లెక్కలు నేడు ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కి వానలు తారుమారయ్యే పరిణామం) చరిత్రను పరిశీలించేవారికి ఆధారాలయ్యాయి. మొక్కలకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1785లో చనిపోయినది కూడా ఇక్కడే, కాకినాడ జగన్నాథపురంలో. ఆ పేట మీదుగా ఎన్నేళ్ళో తిరిగిన నాకు ఈ సంగతి ఎమ్మెస్సీ దాకా తెలియలేదు.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ దేశీయ చిత్రకారులను పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించారు. వాటిలోంచి ఎంచిన 300 పటాలతో కోరమాండల్ తీరపు మొక్కల గురించిన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. అందులో లాటిన్ పేరు కింద చాలాచోట్ల తెలుగు పేరు ఉంటుంది. ఎరుపు అద్దకానికి వాడే చిరివేరును కూడా ఆయన అలాగే తెలుగు పేరుతో నమోదు చేశారు. శాస్త్రం కాదని నా చీటీ మీద కొట్టేసిన వరసను రెండు వందల ఏళ్ళ క్రితం రాక్స్‌బర్గ్ శ్రద్ధగా రాసుకున్నారని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

అంకుడు ఆకు నుంచి బట్టలకు అద్దే నీలి (ఇండిగో) తీయవచ్చని గుర్తించి, ఆ పద్ధతిని వివరించినవారు కూడా ఆయనే. నీలి మొక్క ఆకులో నీలం రంగు ఉండదు. రంగులేని పదార్థం ఒకటి చక్కెరతో జతపడి ఉంటుంది. ఆకును నానబెడితే ఆ జత విడిపోతుంది, ఆ నీటిని బాగా చిలికితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీలిగా మారి అడుగున పేరుకుంటుంది. అంకుడు ఆకును ఊరికే నానబెట్టకుండా నీళ్ళతో పాటు వేడి చేయాలని ఆయన రాశారు. నాకు ఆ వసతి లేదు కనుక, తమిళనాడులో చర్మవ్యాధులకు తైలం చేసే పద్ధతిలో లేత ఆకులు కొబ్బరినూనెలో వేసి గాజుసీసాను మేడమీద ఎండలో పెట్టాను. కొద్ది రోజులకు పచ్చని ఆకులున్న నూనె ఊదారంగుకు తిరిగింది. ఆ ఆకులో నీలి, దానికి తోబుట్టువు లాంటి ఎర్రని ఇండిరుబిన్ రెండూ ఉన్నాయని తరువాత చదివాను. 1897లో జర్మనీ కంపెనీ బి.ఏ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చాక మన దేశపు నీలి వ్యాపారమే కుప్పకూలింది. అంకుడు మాత్రం ఏటికొప్పాక లక్కబొమ్మల కర్రగా బతికే ఉంది.

ఇదంతా గతం కదా అని మీకు అనిపించవచ్చు. వృక్షశాస్త్రంలో ఒక పేరు ఏ మొక్కకు చెందుతుందో తేల్చడానికి ఒక మూల నమూనా ఉండాలి. రాక్స్‌బర్గ్ పెట్టిన పేర్లలో చాలావాటికి ఆ నమూనా ఎండు మొక్క కాదు, ఆయన వేయించిన బొమ్మే. అంటే జన్యు పరీక్ష చేసే నేటి పరిశోధకుడు కూడా పేరు దగ్గర సందేహం వస్తే ఆ బొమ్మల దగ్గరికి వెళ్ళవలసిందే. వాటిని గీసినవారి పేర్లు మాత్రం పటాల మీద లేవు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మన మాట ఒకటి ఏకంగా ప్రజాతి పేరయిన సందర్భం కూడా ఉంది. జ్వరానికి క్వినైన్ మందునిచ్చే సింకోనా బెరడుకు బదులుగా వాడవచ్చని రాక్స్‌బర్గ్ వర్ణించిన సోమిద చెట్టు, తరువాతి శాస్త్రజ్ఞుల చేతిలో సోయ్‌మిడా అయింది.

కోర్సు తీసుకోవాలా వద్దా అని నిర్ణయించుకునే ముందు, మీ ఊరికి దగ్గరలోని కళాశాలలో హెర్బేరియం ఉంటే అనుమతి అడిగి, ఒక పూట అక్కడ కూర్చుని పాత షీట్లు చూడండి. మొక్క కన్నా ముందు చీటీ చదవండి: ఎవరు, ఏ ఊళ్ళో, ఏ నెలలో కోశారో చూడండి. నేను ఇప్పుడు పాఠం చెప్పే చోట, పిల్లలు రాసే చీటీలో స్థానిక పేరుకు ఒక వరస, ఆ పేరు ఏ ఊళ్ళో విన్నారో రాయడానికి మరొక వరస విడిగా పెట్టించాను. ఎర్ర సిరా పడిన నా అంకుడు షీటును వాళ్ళకు మొదటి రోజే చూపిస్తాను.