డాక్టర్ మందుల చీటీ ఆన్‌లైన్‌లో రాస్తే దేశం ఖర్చు తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ ఎవరు ఏ మందు ఎంత రాస్తున్నారో చూసి ప్రభుత్వం పరిమితులు పెడితేనే. కాగితం చీటీలతో లెక్క తేలేసరికి డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయేది. ఆన్‌లైన్‌లో అయితే ఒకే రోగికి ఇద్దరు డాక్టర్లు అదే మందు రాసినా వెంటనే కనబడుతుంది.

గ్రీస్‌నే చూడండి. అప్పుల్లో మునిగిన ఆ దేశం 2010లో దీనికి చట్టం చేసింది. 2012లో బ్రాండ్ బదులు మందు అసలు పేరే రాయమంది. కొలెస్ట్రాల్‌కి డాక్టర్ ‘అటోర్వాస్టాటిన్’ అని టైప్ చేస్తే, షాపువాళ్లు చవకైన జెనరిక్ ఇవ్వొచ్చు. 2009లో సుమారు 500 కోట్ల యూరోలున్న ప్రభుత్వ మందుల ఖర్చు 2014కి దాదాపు 200 కోట్లకు దిగింది.

ఇదంతా సాఫ్ట్‌వేర్ మహిమే అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. రోగులు కట్టే వాటా పెరిగింది (దీన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు), మందుల ధరలు కోశారు, బడ్జెట్ దాటిన సొమ్మును కంపెనీల నుంచే రాబట్టారు.