గట్టు వెంట గడ్డి పట్టీ: అల్లుడికో ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. వానకి మట్టి కొట్టుకుపోకుండా పొలం అంచున గడ్డి పట్టీ వదలాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఎంత వెడల్పు వదలాలని అడిగావు కదా, అంతకంటే ముందు ఒక పని చెయ్యి. ఈసారి గట్టి వాన పడుతున్నప్పుడు పొలానికి వెళ్లు. పిడుగులు పడేలా ఉంటే మాత్రం వద్దు. నీళ్లు ఎక్కడ పలచగా పరుచుకుంటున్నాయో, ఎక్కడ పాయ కట్టి దూకుతున్నాయో చూసి, పాయ కట్టిన ప్రతిచోటా ఒక పుల్ల పాతి రా.

గడ్డి చేసేదల్లా నీటి దూకుడు తగ్గించడమే. దూకుడు తగ్గితే నీళ్లు మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించేస్తాయి. ఇసుక మొదటి కొన్ని అడుగుల్లోనే దిగిపోతుంది. సన్నటి బంకమట్టి అంత తొందరగా దిగదు, దానికోసమే వెడల్పు కావాలి. వాలు తక్కువున్న వైపు 3 మీటర్లు వదిలినా ఫలితం కనిపిస్తుంది. వాలు ఎక్కువున్న వైపు, దిగువన వాగో చెరువో ఉన్న వైపు 6 మీటర్లకు తగ్గకు. నాలుగు వైపులా ఒకే కొలత అక్కర్లేదు. నీళ్లు బయటికి పోయే వైపే ఎక్కువ వదులు.

నువ్వు పుల్లలు పాతిన చోట్ల మాత్రం ఈ వెడల్పు కూడా చాలదు. పాయ కట్టిన నీళ్లు గడ్డిని పడుకోబెట్టి పైనుంచి పోతాయి. అక్కడ ఆ పాయ దారి పొడవునా, చేను లోపలి దాకా గడ్డి పెంచాలి.

గడ్డి రకం గురించి ఎక్కువ ఆలోచించకు. మొదళ్లు దగ్గరదగ్గరగా, కాడ గట్టిగా ఉంటే చాలు. గరిక మట్టిని బాగా పడుతుంది కానీ చేలోకి పాకుతుంది, దాన్ని బయటి అంచుకే ఉంచు. చేను వైపు వట్టివేరు పిలకలు జానెడుకి తక్కువ దూరంలో వరసగా నాటు. దాని వేళ్లు పక్కలకి పాకకుండా లోతుకి దిగుతాయి. వయ్యారిభామ కనిపిస్తే పూతకి రాకముందే, చేతులకి తొడుగులు వేసుకుని పీకెయ్.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. నాలుగేళ్లపాటు నా పట్టీ పచ్చగా ఉంది కదా అని ధీమాగా ఉండిపోయాను. చేనూ గడ్డీ కలిసేచోట ఏటా దిగిన ఒండ్రు, దుక్కిలో నాగలి విసిరిన మట్టి కలిసి జానెడెత్తు కట్టలా లేచింది. నేను పట్టించుకోలేదు. ఒక రాత్రి పెద్ద వానకి నీళ్లు గడ్డిలోకి ఎక్కలేక ఆ కట్ట వెంటే పారి, మూలన పట్టీని చీల్చుకుని పోయాయి. పొద్దున చూస్తే మోకాలి లోతు గండి. గడ్డి దుబ్బులు వేళ్లతో సహా అంచున వేలాడుతున్నాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. అందుకే ఏటా నేల ఆరాక ఆ అంచంతా నడిచి చూడు. మట్టి ఎత్తుగా లేచిన చోట పారతో గీకి మళ్లీ చేలోనే వెయ్యి. అది నీ పొలంలోని మంచి మట్టి, ఒక్క తట్ట కూడా బయట పొయ్యకు.

పట్టీ మీద ట్రాక్టర్ తిప్పకు. చక్రం పడిన గాడే తర్వాత కాలువ అవుతుంది. నేల తడిగా ఉన్నప్పుడు పశువుల్ని కూడా దింపకు. కలుపు మందు కొట్టేటప్పుడు అంచు దగ్గరికి రాగానే స్ప్రేయర్ ఆపెయ్. కోత కోస్తే అరడుగు ఎత్తు ఉంచి కోయి, కోసిన గడ్డి అక్కడే వదలకుండా మోసుకుపో. అది కుళ్లితే గడ్డి పట్టుకున్న ఎరువు సారం మళ్లీ నీళ్లలో కలుస్తుంది. పిట్టలు గూళ్లు పెట్టే రోజుల్లో కోత వద్దు. పట్టీ మొత్తం ఒకేసారి కోసేయకు, సగం ఉంచితే సాలీళ్లు, అక్షింతల పురుగులు అందులో తలదాచుకుంటాయి. నీ చేలో పేనుబంకని తినేది అవే.

ఇంకో మాట. మట్టికి అంటుకుని పోయే భాస్వరాన్ని గడ్డి బాగానే ఆపుతుంది. నీళ్లలో కరిగిన నత్రజని భూమిలోకి ఇంకి అడుగునుంచి జారిపోతుంది, దాన్ని పూర్తిగా ఆపడం పట్టీ వల్ల కాదు. గడ్డి ఉంది కదా అని యూరియా ఎక్కువ చల్లకు.

పట్టీ పెరిగాక, వానలో ఒకసారి వంగి చూడు. గడ్డి మొదళ్ల దగ్గర ఎండుటాకులు, పోచలు చిన్న చాపల్లా అడ్డంపడి, వాటి వెనక వేలి మందం మెత్తటి మట్టి నిలిచి ఉంటే పట్టీ పనిచేస్తున్నట్టు లెక్క.

ఈసారి వాన వెలిశాక పుల్లలు ఎక్కడెక్కడ పాతావో కాగితం మీద గీసి పంపు. అది చూశాకే ఎన్ని పిలకలు కావాలో లెక్కేద్దాం. అత్తయ్య దీవెనలు చెప్పమంది.

నీ మామయ్య